దారిలో నిలిచిన పడవబండి



ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మన పూర్వులు కలిమిలేములు మాఱుటను గుఱించి చెప్పుచుండిరి. నేటి కాలమున ఆ సామెత అక్షరాల నిజమగుచున్నది. సముద్రతీరమునందు తయారగు ఫైబరు పడవలు ట్రాక్టరు ట్రక్కుల నెక్కి, మెట్టప్రాంతపు చెఱువులకును జలాశయములకును ప్రయాణము చేయుచున్నవి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని కొన్ని పేటలు మునిగినపుడు, ఇండ్లలో చిక్కుకొన్న జనులను పడవలపైననే వెలుపలికి తేవలసివచ్చెను. పడవ యున్న ఊరు వరదలో తన్ను తాను కాపాడుకొనుటయే గాక పొరుగూరికిని సాయపడగలదు. కాని ఆ పడవ అవసరమైన చోటికి చేరవలెనన్న మొదట రోడ్డున ప్రయాణము చేయవలెను. నీటిమీద పడవకు వచ్చు అపాయములు మన జాలరులకు తెలియును. రోడ్డుమీద దానికి వచ్చు అపాయములును, దానివలన ఇతరులకు వచ్చు అపాయములును మనలో పెక్కుమందికి తెలియవు. నాకును తెలియలేదు. తెలిసికొనుటకు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. ఆ సంగతియే ఈ పూట మీకు విన్నవింతును.

మా ఊరు గోకవరము వైపు మెట్టలో నున్నది. ఊరి చెఱువులో చేపలు పెంచుకొను మత్స్యకారుల సహకార సంఘమునకు నేను కొంతకాలము పెద్దగా నుంటిని. 2022 ఫిబ్రవరిలో సంఘము వారు పదునెనిమిది అడుగుల ఫైబరు పడవ నొకదానిని తాళ్లరేవు ప్రాంతమున కొనిరి. దానిని తెచ్చుటకు మా ఊరి రైతు ట్రాక్టరును, రెండు చక్రముల ట్రక్కును బాడుగకు మాటలాడితిమి. ఉదయమే బయలుదేఱవలసిన వారము, లెక్కలు తేలుటలో ఆలస్యమై, మూడు గంటలకు గాని బయలుదేఱలేదు. ట్రక్కు తొట్టి పొట్టిది, పడవ పొడవైనది. వెనుకభాగము ఏడు అడుగుల మేర వెలుపలికి పొడుచుకొని వచ్చినది. దాని కొన కొక ఎఱ్ఱగుడ్డ కట్టి, అంతటితో మా బాధ్యత తీఱినదనుకొంటిమి.

సామర్లకోట దాటునప్పటికి ట్రక్కు ఎడమచక్రము సన్నగా కూయసాగెను. "బాబుగారూ, చక్రం అరుస్తోందండి, ఒకసారి ఆపి చూద్దామా?" అని డ్రైవరు అడిగెను. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని నేను నవ్వి, "పొద్దు పోతోంది, మెల్లగా పోనీ, ఇంటికెళ్ళాక చూసుకొందాం" అంటిని. ఆ మాట నాదే. దానిని మఱియొకరిమీద వేయుటకు నాకు మనసొప్పదు.

పెద్దాపురము దాటిన పిమ్మట చక్రము ఒక్కసారిగా ఒరగి బిగిసిపోయెను. ట్రక్కు సగము తారుమీదను సగము మట్టిమీదను నిలిచినది. చీకటి పడుచుండెను. మేమప్పుడు చేసిన తప్పు మొదటిదానికంటె పెద్దది. ట్రాక్టరును విప్పి, మేస్త్రీని తీసికొనిరమ్మని డ్రైవరును పంపితిమి. ట్రాక్టరుతో పాటు దాని దీపములు కూడ పోయినవి. నేనును నా మేనల్లుడును చేతిలోని సెల్‌ఫోను వెలుతురు చూపుచు నిలిచితిమి. పగటివేళ పనికివచ్చు ఎఱ్ఱగుడ్డ చీకటిలో నల్లగుడ్డయే గదా! పావుగంటలో మోటారుసైకిలుమీద వచ్చుచున్న ఒక కుఱ్ఱవాడు, ట్రక్కును తప్పించుకొన్నాననుకొని, దానికి వెనుకగా పొడుచుకొని యున్న పడవ కొనను ఢీకొనెను. 108 బండి వచ్చి అతనిని ఆసుపత్రికి చేర్చినది. కంఠపుటెముక విఱిగినది, ప్రాణమునకు అపాయము తప్పినది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో అతని తల్లి నన్నేమియు అనలేదు. ఏమైన అనియున్న బాగుండెడిదని ఇప్పటికిని అనిపించుచుండును.

మఱునాడు కాగితములు వెదుకగా ట్రాక్టరునకు బీమా కలదు, ట్రక్కునకు లేదని తేలినది. కుఱ్ఱవానికి బాడుగ ఆటో నడుపుటయే జీవనము. ఆరు నెలలు పని లేకపోయెను. రెండు సంవత్సరములు కోర్టు చుట్టును తిరిగిన పిమ్మట లోక్ అదాలతులో రాజీ కుదిరినది. ట్రక్కు యజమానియు మా సంఘమును చెఱి సగము చెల్లించితిమి. చేపపిల్లలు కొనుటకు దాచుకొనిన సొమ్ము అందులో పోయినది. ఆ యేడు చెఱువులో చేపపిల్లలు వేయలేదు.

ఇక విషయమునకు వత్తును. ఇట్టి ఆపద రాకుండ ఏమి చేయవలెను? వచ్చినయెడల దారిలో ఏమి చేయవలెను? నష్టము ఎవరు భరింతురు? ఈ మూడు ప్రశ్నలకు వరుసగా సమాధానము చెప్పుకొందము.

మొదటిది చక్రము. ఎడ్లబండి కాలమున ప్రతి ప్రయాణమునకు ముందు ఇరుసునకు కందెన వేసి, కడచీల చూచి గాని కాడి ఎత్తెడివారము కాము. ట్రక్కు వచ్చిన పిమ్మట ఆ అలవాటు మఱచితిమి. ట్రక్కు చక్రపు కుండలో ఇనుప గుండ్లో, ఇనుప రోలర్లో గల బేరింగు లుండును. వాని నడుమ గ్రీజు ఉన్నంతవఱకే అవి జారి తిరుగును. గ్రీజు ఎండినను, అందులో నీరు గాని ఇసుక గాని చేరినను, బిగింపుమర మిక్కిలి బిగిసినను వదులైనను, లోహము లోహముతో ఒఱసికొని కాగును, కాగి కరచుకొనును, తుదకు చక్రమే ఊడిపోవచ్చును. చక్రము కూయుట ఆ చేటునకు ముందుగా వచ్చు హెచ్చరిక.

పడవ మోయు ట్రక్కునకు ఇంకొక ప్రత్యేకమైన బాధ కలదు. పడవను దింపుటకు ట్రక్కును వెనుకకు నడిపి నీటిలోనికి దింపుదుము. దూరము నడచి వచ్చిన చక్రపు కుండ వేడిగా నుండును. వేడి కుండ ఒక్కసారిగా చల్లని నీటిలో మునిగినపుడు లోపలి గాలి ముడుచుకొని, సీలు సందులనుండి నీటిని లోనికి పీల్చును. ఆ నీరు గ్రీజును పాడుచేసి, బేరింగులకు తుప్పు పట్టించును. ఉప్పునీరైనచో మఱింత త్వరగా చెఱచును. చక్రము ఆ దినము చక్కగానే తిరుగును. కొన్ని వారముల తరువాత నడిరోడ్డున నిలుపును. కావున గట్టునకు చేరినవెంటనే నీటిలోనికి దింపక, చుట్ట కాల్చునంతసేపు కాదు, కుండ పూర్తిగా చల్లాఱువఱకు ఆగవలెను. పని ముగిసిన పిమ్మట మంచినీటితో కడిగి, కొంత వ్యవధిలో కుండ విప్పించి గ్రీజు మార్పించవలెను.

కుండను పరీక్షించుటకు యంత్రము లక్కఱలేదు. బయలుదేఱి రెండు మూడు కోసులు పోయిన పిమ్మట బండి నాపి, చేతి వెనుకభాగము కుండకు దగ్గఱగా పెట్టి చూడుడు. గోరువెచ్చగా నున్న భయము లేదు. రెండు కుండలలో నొకటి రెండవదానికంటె మిక్కిలి వేడిగా నున్నను, చేయి పెట్టరానంత కాగినను, అక్కడనే నిలుపవలెను. ఈ చిన్న పని సామర్లకోటలో నేను చేసియుండినచో ఈ ప్రసంగమే ఉండెడిది కాదు.

రెండవది టైరు. ట్రక్కు సంవత్సరములో చాలకాలము ఎండలో నిలిచియుండును. అందువలన టైరుమీది గాట్లు అరుగకున్నను, ప్రక్కల రబ్బరు పగుళ్లు వాఱును. పైకి కొత్తదివలె కనబడు పాతటైరు అరిగిన టైరుకంటె ఎక్కువ మోసము చేయును. గాలి తక్కువైన టైరు నలిగి వేడెక్కి పగులును. ట్రాక్టరునకు స్టెప్నీ వెంట తీసికొనిపోకున్నను, ట్రక్కునకు మాత్రము గాలి నింపిన స్టెప్నీ, దానికి తగిన జాకీ, జాకీ క్రింద వేయుటకు మందమైన పలక, చక్రములకు అడ్డుపెట్టుటకు నాలుగు కఱ్ఱదిమ్మలు ఉండితీరవలెను. ఒక జత బేరింగులు, సీలు, గ్రీజు డబ్బా కూడ నుంచుకొన్నచో ఏ ఊరి మేస్త్రీయైనను గంటలో పని ముగింపగలడు. మేస్త్రీ దొఱకినను సామాను దొఱకకయే రాత్రులు రోడ్లమీద గడచుచుండును.

మూడవది బరువు కూర్పు. ఇది బండి తోలినవారికి నేను చెప్పవలసినది కాదు. వెనుకబరువైన బండి కాడిని పైకెత్తి ఎద్దుల గొంతు నొక్కును. ముందుబరువైనది మెడలను క్రుంగదీయును. రెండు చక్రముల ట్రక్కునకును ఇదే న్యాయము. వెనుకబరువైనచో కొక్కెము పైకి లాగబడి, ట్రక్కు ఈ ప్రక్కకు ఆ ప్రక్కకు ఊగును. మితిమీఱి ముందుబరువైనచో ట్రాక్టరు ముందుచక్రములు తేలి, చుక్కాని పట్టు తప్పును. బరువు కొంచెము మాత్రమే ముందునకు మొగ్గునట్లు పడవను సర్దవలెను. పడవ యింజను, వలలు, లంగరు పడవ వెనుకభాగమున వేయక ముందునకు చేర్చవలెను. కొక్కెపు పిన్నునకు అడుగున ఊడిపోకుండ చిన్న పిన్ను వేసి, దానికి తోడుగా గొలుసుతో ట్రక్కు నొగను ట్రాక్టరునకు బంధింపవలెను. పిన్ను విఱిగినను గొలుసు పట్టుకొనును. పడవ నిడివి తొట్టిని మించినచో, ఆ పడవకు ఆ ట్రక్కు తగదని తెలిసికొని పొడుగుపాటి బండిని వెదకుటయే మేలు. కొద్దిపాటి పొడుచుకొని వచ్చినను పగలు ఎఱ్ఱగుడ్డ, రాత్రి ఎఱ్ఱదీపము కొనయందే యుండవలెను. ట్రక్కు వెనుక వెలుతురు పడి మెఱయు ఎఱ్ఱ పట్టీలు అంటింపవలెను. వాని వెల కొద్ది రూపాయలు. అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త, చీకటి పడకముందే గమ్యము చేరునట్లు బయలుదేఱుట. ప్రొద్దు తప్పినచో ప్రయాణము మఱునాటికి వాయిదా వేయుట పిఱికితనము కాదు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను బండి నిలువవచ్చును. అప్పుడు చేయవలసిన పని ఇది. చక్రము పూర్తిగా ఊడనంతవఱకు, నాలుగు బారల దూరమైనను సరే, మెల్లగా ఈడ్చి తారుమీదనుండి పూర్తిగా ప్రక్కకు చేర్పుడు. టైరు చెడును, అంచు చెడును. చెడనిండు. టైరు కొనవచ్చును; మనిషిని కొనలేము. పిదప చక్రములకు ఇరుప్రక్కల దిమ్మలు పెట్టవలెను. దిమ్మలు పెట్టక ముందు ట్రక్కును విప్పరాదు. పల్లమైనచో అది దొరలిపోవును. వెనుకబరువైనచో నొగ ఒక్కసారిగా పైకి లేచి, విప్పుచున్నవాని దవడ పగులగొట్టును.

రాత్రియైనచో ట్రాక్టరు అక్కడనే యుండవలెను, దీపములు వెలుగుచుండవలెను. మేస్త్రీకొఱకు మనిషిని వేఱు బండిమీద పంపవలెను. ఎఱ్ఱని ముక్కోణపు హెచ్చరిక పలకలు రెండు ముందుగనే కొని ట్రక్కులో నుంచుకొనవలెను. ఒకదానిని ట్రక్కునకు యాబది అడుగులు వెనుకగా, రెండవదానిని ఇంకను చాల దూరమున, మలుపుగాని మిట్టగాని యున్నచో దానికి అవతల పెట్టవలెను. వచ్చువాడు చూచి, ఆలోచించి, బ్రేకు వేయుటకు దూరము కావలెను. ప్రక్కనే పెట్టిన పలక చూచునప్పటికే అతడు మన మీద నుండును.

పలకలు లేనపుడు మనవారు పచ్చికొమ్మలు విఱిచి, రాళ్లు పేర్చి రోడ్డుమీద పెట్టుదురు. కొమ్మలు కొంత మేలు. రాళ్లు మాత్రము పెట్టకుడు. బండి బాగుపడిన సంతోషములో మనము వెడలిపోవుదుము; రాళ్లు అక్కడనే యుండును. మన ప్రాణము కాపాడిన రాయి తరువాతి వాని ప్రాణము తీయును. కొమ్మ పెట్టినవాడు కూడ వెడలునపుడు దానిని తీసివేయుట తన ధర్మమని తెలిసికొనవలెను.

వెంటనున్న జనులు ట్రక్కునకు ముందు వెనుకల నిలువరాదు, తొట్టిలో కూర్చుండరాదు, పడవనీడన పండుకొనరాదు. రోడ్డు దిగి దూరముగా నిలువవలెను. గాయపడినవారున్న 108కి గాని 112కి గాని, జాతీయ రహదారి యైనచో 1033కు గూడ ఫోను చేయవలెను. 1033 జాతీయ రహదారుల సంస్థవారి సహాయపు నంబరు. దారికి అడ్డముగా నిలిచిన బండిని గుఱించి కూడ ఆ నంబరునకు తెలుపవచ్చును. జాకీ ఎత్తునపుడు క్రింద పలక వేసి, పడవ కట్లు బిగువుగా నున్నవో లేవో చూచుకొని యెత్తవలెను. మెత్తని నేలలో జాకీ క్రుంగి ట్రక్కు పడినచో క్రింద నున్నవాని గతి చెప్పనక్కఱలేదు. విఱిగిన చక్రముతో ట్రక్కును మోకు కట్టి మఱియొక ట్రాక్టరుతో ఊరివఱకు ఈడ్చుకొనిపోవలెనను ఆలోచన విడువుడు. పదిమంది చేతులు కలిపి పడవను వేఱొక ట్రక్కునకు మార్చి, ఖాళీ ట్రక్కును అక్కడనే బాగుచేయించుట క్షేమము.

చట్టము ఏమి చెప్పుచున్నదో కొంచెము తెలిసికొందము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము బండిని ఇతరులకు అపాయము గాని అడ్డంకి గాని కలుగునట్లు దారిలో విడిచిపెట్టరాదు. పది గంటలు గాని అంతకు మించి గాని దిక్కులేక పడియున్న బండిని పోలీసువారు తొలగింపింపవచ్చును. ఆ ఖర్చు యజమాని భరింపవలెను. ప్రమాదము జరిగినచో డ్రైవరు గాయపడినవానికి వైద్యము అందునట్లు చూడవలెను. పోలీసు అధికారి దగ్గఱ లేనపుడు, వీలైనంత త్వరగా, ఎట్లును 24 గంటలలోగా, సమీపపు స్టేషనులో తెలుపవలెను. బీమా కంపెనీకిని వ్రాతమూలకముగా తెలుపవలెను. గాయపడినవానికి సాయపడిన దారినపోవు మనిషిని వేధింపరాదని 2019లో చట్టమునకు చేర్చిన సెక్షను రక్షణ నిచ్చుచున్నది. కావున సాక్ష్యపు భయముచేత ఎవరును ముఖము చాటువేయ నక్కఱలేదు. 2025 మే 5వ తేదీ నుండి రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి, నిర్ణయించిన ఆసుపత్రులలో, ప్రమాదదినము మొదలు 7 దినముల వఱకు 1,50,000 రూపాయల మేర నగదు చెల్లింపకయే వైద్యము చేయు పథకము దేశమంతట అమలులోనికి వచ్చినది. మా కుఱ్ఱవాని కాలమునకు అది లేదు. ఇప్పుడున్నదని ప్రతి ఊరిలోను తెలిసియుండవలెను.

ఇక బీమా మాట. ఇందులో మనవారికి గల భ్రమలు ఒకటొకటిగా చెప్పుదును.

ట్రాక్టరునకు బీమా యున్న ట్రక్కునకును ఉన్నట్లే యనుట మొదటి భ్రమ. చట్టము దృష్టిలో ట్రాక్టరు వేఱు వాహనము, ట్రైలరు అనబడు మన ట్రక్కు వేఱు వాహనము. ఇతరులకు కలుగు హానికి బీమా లేనిదే ఏ మోటారు వాహనమును బహిరంగస్థలమున నడుపరాదని 146వ సెక్షను చెప్పుచున్నది. బీమా లేక నడుపుట మొదటి తప్పైనచో 3 నెలల వఱకు చెఱ గాని, 2,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ట్రక్కు నంబరు పాలసీ కాగితముపై వేఱుగా వ్రాయబడియున్నదో లేదో చూచుకొనుడు. వ్రాయబడనిచో చెల్లింపవలసినది కంపెనీయా యజమానియా అను వాదములు కోర్టులలో ఏండ్లకొలది సాగును. గాయపడినవాని ఆకలి అంతకాలము ఆగదు.

వ్యవసాయమునకు తీసికొన్న పాలసీ అన్ని పనులకును చెల్లుననుట రెండవ భ్రమ. పాలసీలో బండిని ఏ పనులకు వాడవచ్చునో వ్రాసియుండును. సొంత వ్యవసాయమునకు అని వ్రాసిన బండిని బాడుగకు పడవ మోయుటకు పంపినచో, కంపెనీవారు ఆ మాట ఎత్తి చూపుదురు. మా వ్యవహారములో ఈ చిక్కు కూడ వచ్చినది. కావున బాడుగకు తీసికొనువారు బాడుగ ఎంత యని అడుగుటకు ముందు పాలసీ చూపుమని అడుగవలెను. డ్రైవరు లైసెన్సు కూడ చూడవలెను. బరువు 7,500 కిలోలకు మించని తేలిక వాహనముల లైసెన్సు కలవాడు ఆ తరగతి రవాణా వాహనమును గూడ నడుపవచ్చునని సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. కాలము చెల్లిన లైసెన్సునకు ఆ తీర్పు అండ కాదు.

తొట్టిలో ఎక్కించుకొన్న జనులకు బీమా వర్తించుననుట మూడవ భ్రమ. ఇది మిక్కిలి ప్రమాదకరము. ట్రక్కు సరకునకు గాని మనుష్యులకు కాదు. పడవను పట్టుకొనుటకని నలుగురిని దానిపై కూర్చుండబెట్టుట మన ఊళ్లలో అలవాటు. పడవను పట్టవలసినవి మోకులు, మనుష్యులు కారు. వారిని వేఱు బండిలో పంపుడు.

పడవకు దెబ్బ తగిలిన బీమా ఇచ్చుననుట నాల్గవ భ్రమ. వాహనపు పాలసీ వాహనమునకే. అది మోయు సరకునకు కాదు. కొత్తపడవను దూరము తెచ్చునపుడు ప్రయాణకాలమునకు సరకు బీమా వేఱుగా తీసికొనవచ్చును.

చక్రము చెడి బండి నిలిచిన ఖర్చు బీమావారే పెట్టుకొందురనుట అయిదవది. సాధారణపు పాలసీలో అరుగుదల, యంత్రము తానుగా చెడుట, విఱుగుట అనువానిని మినహాయింతురు. ప్రమాదము జరిగినపుడు బండిని సమీపపు వర్క్‌షాపునకు చేర్చు ఖర్చు కొంత ఇత్తురు గాని, దానికి పాలసీలో అచ్చువేసిన చిన్న పరిమితి యుండును. ఇంకొక నిబంధన కూడ గమనింపుడు. బండి చెడినపుడు గాని ప్రమాదమైనపుడు గాని తగిన జాగ్రత్త లేక దానిని విడిచిపోరాదు. బాగుచేయక నడిపినందున పెరిగిన నష్టము యజమానిదే. కూయుచున్న చక్రముతో ముందునకు పోనిమ్మన్న నావంటివారి కొఱకే ఆ వాక్యము వ్రాసినట్లు తోచును.

చెడిన బండిని తెచ్చియిచ్చు సాయమునకు వేఱుగా రుసుము తీసికొను ఏర్పాట్లు ఇప్పుడు కలవు. బ్రిటను దేశమున ఇట్టి మోటారు సంఘములు మిక్కిలి పాతవి. వానిలో ఒకటి 1897లోను, మఱియొకటి 1905లోను పుట్టినవి. అచ్చట సెలవు దినములలో కారు వెనుక పడవను కట్టుకొని సముద్రమునకు పోవు కుటుంబములు చాల. అక్కడివారు సహితము కారు చెడిన సాయము వచ్చును గాని పడవబండి మాత్రమే చెడినపుడు వచ్చునా రాదా, పడవ నిడివి బరువు ఎంతవఱకు ఒప్పుకొందురు అను విషయములు ముందుగా చదివికొనక దారిలో చిక్కులు పడుచుందురు. మనమును ఆ ప్రశ్నలే అడుగవలెను. ట్రాక్టరు బాగుండి ట్రక్కు మాత్రము చెడినచో వత్తురా? పడవతో సహా తీసికొనిపోవుదురా, ఖాళీదానినేనా? ఎంత దూరము? ఇంటికా, దగ్గఱి వర్క్‌షాపునకా? రాత్రివేళ వత్తురా? ఏడాదికి ఎన్నిసారులు? సమాధానములు నోటిమాటగా గాక కాగితముమీద నుండవలెను.

అట్టి ఏర్పాటు అందని ఊళ్లలో మనకు మనమే ఏర్పాటు చేసికొనవచ్చును. మా సంఘము ఇప్పుడు చేయుచున్నది చెప్పి ముగింతును. పడవ కదలునపుడు దారిలోని రెండు ఊళ్ల మేస్త్రీల ఫోను నంబర్లు, ఖాళీగా నుండు రెండవ ట్రక్కు యజమాని నంబరు ఒక కాగితమున వ్రాసి డ్రైవరు జేబులో పెట్టుదుము. రెండు పాలసీలు, లైసెన్సు చూచినట్లు సంఘపు పుస్తకములో ఒకరు సంతకము చేయవలెను. బయలుదేఱక ముందు కుండలు, టైర్లు, పిన్ను, గొలుసు, కట్లు, ఎఱ్ఱదీపము చూచు పని ఒక పెద్దమనిషికి అప్పగింతుము. మధ్యాహ్నము పన్నెండు దాటినచో పడవ కదలదు. డ్రైవరు "ఆపుదామండీ" అన్నచోట, ఎవరెంత పెద్దవారైనను, మాఱుపలుకక బండి ఆపవలెను. ఈ చివరి నియమమును నేనే పట్టుబట్టి వ్రాయించితిని.

ఆ కుఱ్ఱవాడు మరల ఆటో నడుపుచున్నాడు. చలికాలమున భుజము సలుపునని చెప్పును. ఎదురుపడినపుడెల్ల ఆగి నన్ను పలుకరించును. ఆ పలుకరింపు నా తప్పును మఱింత జ్ఞాపకము చేయుచుండును. మీ ఊరి ట్రాక్టరు యజమానులకును, డ్రైవరులకును, జాలరులకును ఈ నాలుగు మాటలు చదివి వినిపింతురని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.